రామన్నపేటకు సముద్రం వచ్చిన దారులు

రామన్నపేటకు దగ్గరి సముద్రం బాపట్ల వైపు ఉంటుంది. పటం మీద తిన్నగా గీత గీసినా రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో చెల్కలు, గుట్టలు, తాటివనాలు, ఆ పైన కృష్ణా నది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ మండల కేంద్రం 2016 అక్టోబరు దాకా నల్గొండ జిల్లాలోదే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది పెద్దయ్యాకే. అయితే చూడకముందే రుచి చూశారు. వట్టి చేపగా, ఎండు రొయ్యగా, చింతచిగురులో కలిసిన రొయ్యపొట్టుగా ఆ సముద్రం వాళ్ళ కంచంలోకి వచ్చింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో వండుకుంటున్న ‘సీఫుడ్ బాయిల్’ ఇప్పుడు హైదరాబాదు హోటళ్ళకూ చేరింది. రొయ్యలు, పీతలు, ఆలుగడ్డలు, మక్కకంకుల ముక్కలు మసాలా నీళ్ళలో ఒక్కటిగా ఉడికించి, నీళ్ళు వంపేసి, బల్ల మీద కాగితం పరిచి గుమ్మరించి, చుట్టూ కూర్చుని చేతులతో తింటారు. పెద్ద డేగిసా లేని ఇళ్ళల్లో కరెంటు ప్రెషర్ కుక్కరే ఆ పని చేస్తోంది. ఇదే వంట రామన్నపేటలో ఒక ఇంట్లో వండాలనుకుంటే కుక్కర్ ఎక్కడిది, రొయ్య ఎక్కడిది, అసలు అంత నీళ్ళ సరుకు ఈ మెట్ట ప్రాంతానికి ఎలా వచ్చింది? వెనక్కి వెళ్ళి చూస్తే తెలిసేదేమంటే, ఈ గడ్డ మీద చేపల వంటను మార్చింది ఎప్పుడూ గిన్నె కాదు. నీళ్ళే.

ముందు ఆ వంట పుట్టినిల్లు. పేరులో సముద్రం ఉన్నా, అమెరికాలో ఈ తరహా ఉడుకుకు పెట్టింది పేరైన లూసియానా రాష్ట్రంలో గంజులో పడేది మంచినీటి ప్రాణి. క్రాఫిష్ అంటారు, చిన్న ఎండ్రకాయకూ రొయ్యకూ నడుమ రూపం. బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊరికి 1959లో అక్కడి శాసనసభ ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని బిరుదు ఇచ్చింది. ఆ ప్రాణిని పెంచేది ఎక్కడనుకున్నారు? వరి మళ్ళల్లో. పంట కోశాక అదే మడికి మళ్ళీ నీళ్ళు పెట్టి క్రాఫిష్‌ను ఎదగనిస్తారు. దక్షిణ కరోలినా తీరంలో ఫ్రాగ్‌మోర్ అనే చోట 1960లలో రొయ్యలు, మక్కలు, ఆలుగడ్డలు, సాసేజీలు కలిపి ఉడికించే ఇంకో పద్ధతి పేరుకెక్కింది. 1975 తర్వాత హ్యూస్టన్ చేరిన వియత్నాం శరణార్థులు క్రాఫిష్ ఉడుకుకు వెల్లుల్లి వెన్న పట్టించారు. వీటిలో మొదటిది మాత్రం వరి పొలం వంట. వరి పండే చోట నీళ్ళల్లో దొరికినదాన్ని నలుగురూ కలిసి ఉడికించుకున్న వంట.

ఆ మాట వింటే రామన్నపేట చుట్టుపక్కల మునిపంపుల, బోగారం, ఇస్కిళ్ళ రైతులకు కొత్తగా ఏమీ అనిపించదు. నాట్ల కాలంలో ఒడ్ల బొరియల్లో చెయ్యి పెట్టి ఎండ్రకాయలు పట్టడం ఈ వైపు పిల్లలకు తెలిసిన విద్యే. కొండి చేతికి చిక్కకుండా వెనక నుంచి పట్టాలి, లేదంటే వేలు వదలదు. తెచ్చినవాటిని కడిగి, డొప్ప తీసి, కాళ్ళు దంచి రసం పిండి, మిరియాలు, ఎల్లిపాయ, ఇంత చింతపండు వేసి కాచేవాళ్ళు. పడిశం పట్టినవాడికి వేడివేడిగా తాగించేవాళ్ళు. అది పండుగ వంట కాదు, అంగట్లో కొన్నదీ కాదు. తరి పొలం ఉచితంగా ఇచ్చినది. పురుగుమందులు మళ్ళల్లోకి వచ్చాక ఎండ్రకాయలు తగ్గిపోయాయి. లూసియానా రైతు వరితో పాటు క్రాఫిష్‌నూ పంటగా లెక్కేసుకున్నాడు. మన దగ్గర ఎండ్రకాయను పంటగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందుకే అది పోయినప్పుడు ఎవరూ లెక్క రాయలేదు.

చెరువు సంగతి వేరు. అది లెక్కల్లో ఉంది, శాసనాల్లో ఉంది. నల్గొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలపు ఉదయసముద్రం ఉంది. చెరువును సముద్రమని పిలుచుకున్న నేల ఇది. వాన తప్ప వేరే దిక్కు లేని ఎత్తు ప్రాంతంలో ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువులో చేరేలా గొలుసుకట్టుగా తవ్వారు. తెలంగాణ మొత్తంలో ఇలాంటి చెరువులూ కుంటలూ 46,531 అని మిషన్ కాకతీయ మొదలైనప్పుడు లెక్క తేల్చారు. వాటితోనే మంచినీటి చేపలు వచ్చాయి: కొర్రమీను, వాలుగ, జెల్ల, మార్పు, పాపెర, పరకలు. తొలకరి వానకు మత్తడి పారితే చేప నీటికి ఎదురెక్కుతుంది. ఆ రాత్రి లాంతర్లు పట్టుకుని మత్తడి దగ్గర కాపలా కాసినవాళ్ళకు నిద్ర గుర్తుకు రాదు.

చెరువు ఊరిదే, చేప మాత్రం అందరిదీ కాదు. బెస్తలు, ముదిరాజులు వల పట్టినవాళ్ళు. హైదరాబాద్ రాజ్యంలోని కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో అచ్చు వేసిన పుస్తకం బోయీల వృత్తి చేపలు పట్టడమూ పల్లకీ మొయ్యడమూ అని రాసింది. రెండు పనులూ ఒకే భుజం మీద పడ్డాయి. దేశ్‌ముఖ్‌ల కాలంలో వెట్టి ఏ కులాన్నీ వదల్లేదు. గడీకి చుట్టం వస్తే ఎవరి ఇంటి నుంచి ఏది పోవాలో ముందే రాసిపెట్టినట్టు ఉండేది. తర్వాత సహకార సంఘాల రోజులు వచ్చాయి. 1964 సహకార చట్టం కింద మత్స్యకార సంఘాలు చెరువుల్ని గుత్తకు తీసుకుని పట్టాయి. ఎవరికి హక్కు, ఎవరికి సభ్యత్వం అన్న పంచాయితీ ఇప్పటికీ ఊరూరా నడుస్తూనే ఉంది. ఎండాకాలం చెరువు అడుగంటి సంఘం వలలు తీసేశాక మాత్రం మిగిలినది ఊరందరిదీ. బురదలో మోకాళ్ళ లోతున దిగి, గంపలు, తట్టలు, పాత చీరెలు దేనితో వీలైతే దానితో పట్టుకుంటారు. చేపల లూటీ అంటారు దాన్ని. ఆ ఒక్కపూట ఏ ఇంట్లో చూసినా ఒకే వాసన.

ఆ వాసన కంచుడుది. అడుగు వెడల్పుగా, అంచు తక్కువగా ఉన్న మట్టిపాత్ర. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేగాక చింతపులుసు పోసి, కారం, పసుపు, ధనియాల పొడి, వేయించి నూరిన కొబ్బరి, కొంచెం మెంతుల పొడి పడ్డాక చేప ముక్కలు జారవిడుస్తారు. ఆ తర్వాత గంటె పెట్టరు. పెడితే ముక్క చిట్లుతుంది. రెండు చేతులా గుడ్డతో అంచులు పట్టుకుని కంచుడునే గుండ్రంగా తిప్పుతారు. మట్టి వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, పొయ్యి ఆర్పినా చాలాసేపు వదలదు. ముక్కలోకి పులుపు ఎక్కేది ఆ దింపిన తర్వాతే.

ఇక్కడ చింతపండు గురించి ఒక మాట చెప్పాలి. నల్గొండ నీళ్ళలో ఫ్లోరైడు ఎంత నాశనం చేసిందో ఈ ప్రాంతం వంగిన నడుములే చెబుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును దించే పద్ధతికి దేశమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి చూసి, మూత్రంలో పోయే ఫ్లోరైడు పెరిగిందని 2002లో ప్రచురించారు. పులుసు తింటే రోగం రాదని దీనర్థం కాదు. తాగే నీళ్ళు మారితేనే రోగం ఆగుతుంది. కానీ తరతరాలుగా పులుసు లేకుండా చేప వండని ఊళ్ళకు ఈ కబురు చేరాలి.

సముద్రం ఈ ఊళ్ళకు మొదట వచ్చింది ఎండిన రూపంలోనే. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాట కుతుబ్‌షాహీల కాలంలోనే రద్దీ బాట. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే తన ప్రయాణ గ్రంథంలో ఆ దారి మజిలీలు ఇచ్చాడు. వాటిలో పంతంగి ఉంది, పానగల్లు ఉంది. చౌటుప్పల్ దగ్గరి ఆ పంతంగిలో ఇప్పుడు హైదరాబాద్–విజయవాడ హైవే టోల్‌గేటు నిలబడింది. పండుగ రోజుల్లో అక్కడ వాహనాలు బారులు తీరిన బొమ్మలు పేపర్లలో వస్తుంటాయి. ఆ రోజుల్లో బారులు తీరినవి బంజారాల ఎద్దులు. రేవు నుంచి లోపలికి ఉప్పు మోసుకొచ్చినవి అవే. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలది కూడా తీరమే. తాజా చేపకు ఆ దూరం అందదు, వట్టి చేపకు అందుతుంది. ఈ వైపు సంతల్లో వట్టి చేపల గంప ఎక్కడుందో చూడనక్కరలేదు, ముక్కే చెబుతుంది. చెరువు ఎండిన ఏడాది ఆ గంపే దిక్కు. నాలుగు ఎండు రొయ్యలు వేయించి పప్పులో వేస్తే ఇంటిల్లిపాదికీ నీసు తిన్న తృప్తి.

చెరువు చేప జాతే మారిపోయిన సంవత్సరం 1957. ఆ ఏడాది జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పెద్ద చేపలకు పీయూషగ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. అంతకుముందు బొచ్చె, రోహు పిల్లలు కావాలంటే నదిలో వెతుక్కోవాల్సిందే. ఆ తర్వాత విత్తనాల్లాగే చేప పిల్లల్నీ తయారు చెయ్యగలిగారు. దేశం ఇప్పటికీ జులై 10ని చేపల రైతుల దినంగా జరుపుకుంటోంది. చెరువుల్లో బొచ్చె, రోహు, బంగారుతీగ నిండాయి. తొందరగా పెరిగి, బరువు తూగే చేపలు. పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ నాటు చేప రుచి దీనికి రాదంటారు, ఆ మాటలో నిజం ఉంది.

1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక నల్గొండ జిల్లా దక్షిణపు అంచున ఇంకో వింత జరిగింది. ఉత్తరాంధ్ర సముద్ర తీరం నుంచి వాడబలిజలు జలాశయం ఒడ్డుకు వలస వచ్చి గుడిసెలు వేసుకున్నారు. కెరటాల మీద బతికినవాళ్ళు నల్గొండ గుట్టల నడుమ నిలిచిన నీళ్ళలో వల విసిరారు.

కుక్కర్ కథ కూడా చేపతోనే మొదలైంది. ఫ్రెంచివాడైన డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో బిగించిన మూత, ఆవిరి వదిలే వాల్వు ఉన్న పాత్రను చేశాడు. ఎముకల్ని మెత్తబరిచే యంత్రం అని దాని పేరు. 1682 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ సభ్యులకు అందులో వండి విందు పెట్టారు. దానికి వెళ్ళిన జాన్ ఎవెలిన్ తన దినచర్యలో గొడ్డు, గొర్రె ఎముకలు జున్నులా మెత్తబడ్డాయనీ, చేపల్ని ముళ్ళతో సహా ఇబ్బంది లేకుండా తిన్నామనీ రాసుకున్నాడు. మూత బిగించిన పాత్రలో వండిన తొలి విందుల్లోనే చేప ఉందన్నమాట. మన దేశంలో హాకిన్స్, ప్రెస్టీజ్ రెండూ 1959లోనే మొదలయ్యాయి. తెలంగాణ పల్లెల ఇళ్ళల్లోకి కుక్కర్ పెళ్ళి సారెలో, ఆ పైన గ్యాసు పొయ్యితో పాటు వచ్చింది. పప్పు, అన్నం, మేక మాంసం అందులో ఉడికాయి.

చేప ఉడకలేదు. కుక్కర్‌లో వేస్తే ముక్క ఒక్క విజిల్‌కే చెదిరిపోతుంది, ఆ నీసు వాసన మూత రబ్బరును పట్టుకుని వదలదు. రేపు అందులోనే పప్పు పెట్టాలి కదా. పరకల వంటి చిన్న చేపల్ని ముల్లు మెత్తబడేదాకా ఉడికించుకునేవాళ్ళు ఉన్నారు, పాపిన్ చేసింది అదే. కానీ పండుగపూట కొర్రమీనును కుక్కర్‌లో వేశామంటే నల్గొండ ఇంట్లో అత్తమ్మ ఒప్పుకోదు.

గిన్నెలు మారుతున్న కాలంలోనే నీళ్ళు పోయాయి. ఊళ్ళు బోర్ల మీదికి మళ్ళాయి, కట్టలు తెగాయి, పూడిక మేట వేసింది, కబ్జాలు చెరువుల్ని కుంటలు చేశాయి. వలిగొండ మండలంలో నెమలికాల్వ దగ్గర నిజాం కాలంలో మూసీ మీద కట్టిన ఆసిఫ్‌నహర్, దాని చుట్టుపక్కల కాల్వలు కొన్ని చెరువులకు ఊపిరి పోశాయి. అయితే ఆ నీళ్ళు హైదరాబాదు మురుగును వెంటబెట్టుకొచ్చాయి. మూసీ నీళ్ళు చేరిన చెరువుల్లో చేపలు తెల్లగా తేలిన వార్తలు ఈ వైపు అరుదు కాదు. నిండిన చెరువు చూసి సంబరపడాల్సిన మత్స్యకారుడు చేప చచ్చిందని ధర్నా చేయాల్సి రావడం అన్యాయం. దాన్ని అన్యాయమనే చెప్పుకోవాలి.

2015లో మిషన్ కాకతీయ పూడికతీత మొదలైంది. మరుసటి ఏడు నుంచి ప్రభుత్వం చేప పిల్లల్ని ఉచితంగా చెరువుల్లో వదిలింది. అదే ఏడు కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఆ తర్వాత రొయ్య పిల్లలు కూడా వచ్చాయి. నీలకంఠ రొయ్య, అంటే మంచినీటి రొయ్య. దాని పుట్టుక తెలిస్తే రామన్నపేటకు సముద్రం వచ్చిన తీరు ఇంకో రకంగా అర్థమవుతుంది. పెద్దయ్యాక చెరువులో హాయిగా బతికే ఈ రొయ్య పసికూనగా ఉన్నప్పుడు మంచినీళ్ళలో బతకదు, చచ్చిపోతుంది. 1961లో మలేసియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్తకు అసలు సంగతి దొరికింది. ఆ పిల్లలకు ఉప్పునీరు కలవాలి. అందుకే ఈ రొయ్య పిల్లలు ఎక్కువగా సముద్రం ఒడ్డు హేచరీల్లో పుడతాయి. కొన్ని వారాలు ఉప్పటి నీళ్ళలో పెరిగి, ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ నింపుకుని, రాత్రంతా లారీలో ప్రయాణించి తెలంగాణ చెరువులో పడతాయి. తీరంలో 2009 నుంచి వనామీ రొయ్యల సాగు ఊపందుకున్నాక ఐసు పెట్టిన థర్మాకోల్ డబ్బాల్లో అవి కూడా వచ్చేశాయి. ఎండు రొయ్యను బెల్లంలా దాచుకుని వాడిన ఇళ్ళకు ఇప్పుడు పచ్చి రొయ్య ఆదివారపు సరుకు.

ఇక కరెంటు కుక్కర్. చైనాలో 1991లో దాని మీద పేటెంటు తీసుకున్నారు. కెనడాలో రాబర్ట్ వాంగ్ బృందం 2010లో అమ్మకానికి పెట్టిన ఇన్‌స్టంట్ పాట్ దాన్ని ఇంటింటి వస్తువు చేసింది. డల్లాస్, ఎడిసన్ వంటి చోట్ల తెలుగు వంటిళ్ళలో పప్పు, పులావుతో పాటు చేపల పులుసు కూడా దాన్లోకి వెళ్ళింది. కారణం రుచి కాదు, అపార్టుమెంటు. పొగ వస్తే అలారం మోగే ఇంట్లో, కిటికీలు తెరవని చలికాలంలో మూత బిగించిన పాత్ర చాలా సాయం. పొయ్యి మీది కుక్కర్ 15 పౌండ్ల ఒత్తిడికి చేరితే లోపలి నీళ్ళు 121 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. కరెంటుది అంతకంటే కొంచెం తక్కువ. విజిల్ వెయ్యదు. లెక్క పెట్టే పని మనది కాదు, దానిది.

సీఫుడ్ బాయిల్‌లో చిక్కు ఇక్కడే. ఆలుగడ్డకు పది నిమిషాలు పడితే, రొయ్యకు రెండు నిమిషాలు ఎక్కువే. అన్నీ ఒకేసారి వేస్తే ఆలు ఉడికేసరికి రొయ్య రబ్బరవుతుంది. దాని మాంసకృత్తులు వేడికి ముడుచుకుని నీటిని కక్కేస్తాయి. కాబట్టి చేతి అలవాటున్నవాళ్ళు రెండు విడతలుగా వండుతారు. ముందు సగానికి కోసిన ఆలుగడ్డలు, మక్కకంకి ముక్కలు, ఎల్లిపాయ, కారం, ఇంత ఉప్పు నీళ్ళలో అయిదు నిమిషాలు ఒత్తిడి మీద ఉంచి, వాల్వు తిప్పి ఆవిరి వెంటనే వదిలేస్తారు. అప్పుడు మూత తీసి ఎండ్రకాయ ముక్కలు వేసి మరగనిచ్చి, ఆఖరున పొట్టుతోనే రొయ్యలు పరిచి, స్విచ్చి కట్టేసి, మూత వట్టిగా పెట్టి వదిలేస్తారు. మూడు నాలుగు నిమిషాల్లో రొయ్య గులాబీ రంగుకు తిరిగి, మెలిక తిరుగుతుంది. ఆ ఉన్న వేడి చాలు. దించాక వండే గుణం కంచుడుకే కాదు, దీనికీ ఉంది.

మక్కకంకి ఈ నేలకు కొత్త కాదు, ఆలుగడ్డ అంగట్లో ఎప్పుడూ ఉంది. అమెరికా మసాలా డబ్బా లేకపోతే ఏమీ కాదు. 1939లో బాల్టిమోర్‌లో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు వ్యాపారి గుస్టావ్ బ్రన్ తయారుచేసిన ఓల్డ్ బే పొడిలో ఆవాలు, మిరియాలు, కారం వంటివే ఉంటాయి. మన పోపులడబ్బా దాన్ని చూసి చిన్నబోదు. నిమ్మకాయ బదులు పలచని చింతపులుసు పోస్తే ఉడుకు నీళ్ళు కూడా పారబోయనక్కరలేదు, రసంగా తాగొచ్చు. ఎండ్రకాయ రసం తాగి పడిశం వదిలించుకున్నవాళ్ళకు ఆ గిన్నెలోది తెలిసిన రుచే.

జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె రాగానే ఊరంతా చేపలు కొంటుంది. హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారి చేప మందు కోసం జనం వరుస కడతారు. అక్కడ గొంతులోకి జారేది బతికున్న కొర్రమీను పిల్ల. ఆ రోజు రామన్నపేట వంటిళ్ళలో కంచుడే దిగుతుంది. కొర్రమీనును బూడిద పట్టించి రుద్ది, పొలుసు గీకి, ముక్కలు కోసి, పొద్దుగూకేలోపు పులుసు కాచి పక్కన పెడతారు. కుక్కర్‌లో ఉడికిన రొయ్యలు వేడి ఆరేలోపు అయిపోవాలి. చల్లారితే బిరుసెక్కుతాయి, వాటిని మర్నాటికి ఎవరూ దాచరు. కంచుడులోని పులుసు రాత్రంతా మూత కింద ఊరి, తెల్లారి సద్దన్నంలోకి వస్తుంది.